బ్రేకు లేని బండికి పర్మిట్ ఎవరిచ్చారు?

ఆర్టీసీ గ్యారేజీలో పనిచేసినవాడికి ఒక జబ్బు ఉంటుంది. చక్రాలున్న వస్తువు ఏది కనిపించినా ముందు వంగి దాని కింద చూస్తాడు. రాజమండ్రి డిపోలో రిటైరై, కూకట్‌పల్లిలో కూతురింట్లో మనవడిని ఆడించే డ్యూటీలో చేరాక కూడా నాకా జబ్బు తగ్గలేదు. పిల్లల సామాన్ల దుకాణానికి వెళ్లినప్పుడు అందరూ రంగులు చూస్తారు, పాటలు వింటారు. నేను వాకర్‌ను బోర్లా తిప్పాను. దుకాణం కుర్రాడు కంగారుపడ్డాడు. "బ్రేకెక్కడుంది బాబూ?" అని అడిగాను. "పిల్లల బండికి బ్రేకెందుకంకుల్!" అని నవ్వాడు.

ఆ నవ్వు దగ్గరే నా అభ్యంతరం. బ్రేకు సరిగ్గా పడని బస్సు డిపో గేటు దాటకూడదనేది మా నియమం. డ్రైవరు ఎంత సీనియరైనా సరే, బస్టాండులో జనం ఎంత గోల చేస్తున్నా సరే. మరి ఈ బండి నడిపేవాడి వయసు ఎనిమిది నెలలు. ఎదురుగా ఉన్నది గోడో, మెట్టో, కాగే నీళ్ల బకెట్టో వాడికి తెలియదు. ఎటు వెళ్లాలో కూడా వాడు అనుకోడు, కాలివేళ్లు నేలకు తగిలితే తన్నుతాడు, బండి పోతుంది. అమెరికా పిల్లల వైద్యుల సంఘం లెక్క ప్రకారం వాకర్‌లో ఉన్న బిడ్డ ఒక్క సెకనులో మూడడుగులకు మించి దూసుకుపోగలడు. కంటికి కనిపించింది మెదడుకెక్కి కాలు బ్రేకు మీదకి వెళ్లడానికి, శిక్షణ పొందిన డ్రైవరుకే దగ్గర దగ్గర సెకను పడుతుంది. పొయ్యి దగ్గర పోపు వేస్తున్న తల్లి తిరిగి చూసి, అర్థం చేసుకుని, పరిగెత్తేసరికి ఎంతవుతుందో మీరే లెక్కేసుకోండి. పక్కన పెద్దవాళ్లు ఉండగానే ఈ ప్రమాదాలు ఎక్కువగా జరుగుతాయని ఆ వైద్యులే చెబుతున్నారు. కాబట్టి "మేం చూసుకుంటాంలెండి" అనే మాటకు ఇక్కడ విలువ లేదు.

నా మాట ముందే చెప్పేస్తాను. బిడ్డను మధ్యలో కూర్చోబెట్టి వదిలే చక్రాల వాకర్ అమ్మకాన్ని మన దేశంలో నిషేధించాలి. అందులో మంచి మోడల్, చెడ్డ మోడల్ అనే బేరం వద్దు.

అయితే మా ఇంటికి ఆ బండి దుకాణం నుంచి రాలేదు. మా వియ్యంకుడుగారు అన్నప్రాశన నాడు రిబ్బను కట్టించి మరీ తెచ్చారు. మన ఇళ్లలోకి వాకర్లు చాలామట్టుకు ఇలాగే వస్తాయి, కానుకగా. ఆడపిల్ల తండ్రి, వియ్యాలవారు తెచ్చిన వస్తువును వద్దనడం ఎంత కష్టమో తెలుగువాళ్లకు వేరే చెప్పాలా? "ఏవండీ, మీ గ్యారేజీ బుద్ధి ఈ ఒక్కరోజూ దాచుకోండి" అంది మా ఆవిడ చెవిలో. సాయంత్రం చుట్టాలంతా వెళ్లాక మెల్లగా, "బావగారూ, ఒక్కసారి ట్రయల్ కొడదామా?" అన్నాను. మనవడంత బరువున్న బియ్యం సంచి తెచ్చి, సీట్లో నిలబెట్టి, పడిపోకుండా తువ్వాలుతో కట్టాను. హాల్లో నున్నటి టైల్స్. రెండు వేళ్లతో తోశాను. బండి హాలు దాటింది, వంటగది దాటింది, గిన్నెలు తోముకునే వాష్ ఏరియా దగ్గర నేల రెండంగుళాలు దిగువకు ఉంటుంది కదా, అక్కడ ముందు చక్రం జారింది. సంచి తలకిందులైంది. బియ్యం డ్రైన్ జాలీ దాకా వెళ్లాయి.

బావగారు కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "పిల్లలకు తల బరువెక్కువ కదండీ" అన్నారు.

సరిగ్గా అదే సంగతి. పుట్టిన బిడ్డ పొడవులో నాలుగో వంతు తలే ఉంటుంది. బరువంతా పైన. అలాంటి శరీరాన్ని చక్రాల మీద నిలబెట్టి తోస్తే, ఆగినప్పుడు ముందుగా నేలను తాకేది నుదురు. అమెరికాలో 1990 నుంచి 2014 వరకు ఆసుపత్రుల అత్యవసర విభాగాలకు వచ్చిన కేసులను పరిశోధకులు లెక్కగట్టి 2018లో ప్రచురించారు. ఆ పాతికేళ్లలో పదిహేను నెలల లోపు పిల్లలు 2,30,676 మంది వాకర్ వల్ల గాయపడి వచ్చారని వాళ్ల అంచనా. వాళ్లలో నూటికి 90 మందికి దెబ్బ తగిలింది తలకో మెడకో. నూటికి 74 మంది వాకర్‌తో సహా మెట్ల మీద నుంచి పడ్డవాళ్లు. మధ్యలో అక్కడ ప్రమాణాలు వచ్చాయి. మెట్టు అంచున చక్రం జారగానే నేలను పట్టేసే రబ్బరు పట్టీలు కింద పెట్టమన్నారు, లేదా గుమ్మంలో పట్టనంత వెడల్పు చెయ్యమన్నారు. 1990లో 20,650 ఉన్న కేసులు 2014కి 2,001కి తగ్గాయి. యంత్రం మారితే ప్రమాదం తగ్గుతుందనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. కానీ తగ్గాక కూడా రెండు వేల మంది మిగిలారు. అందుకే అక్కడి పిల్లల వైద్యులు ఇప్పటికీ నిషేధమే అడుగుతున్నారు. కెనడా అంతవరకూ ఆగలేదు. 2004లోనే వాకర్ అమ్మకం, దిగుమతి, ప్రకటన మూడూ నిషేధించింది. పాతది ఇంకొకరికి అమ్మడం కూడా అక్కడ నేరమే.

మన దగ్గర? 2021 జనవరి 1 నుంచి పద్నాలుగేళ్ల లోపు పిల్లల బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. మంచి పనే. గిలక్కాయకు కూడా పరీక్ష కావాలన్న దేశంలో, బిడ్డను ఎక్కించుకుని పరిగెత్తే బండి మాత్రం ఏ దుకాణంలో అడిగినా దొరుకుతోంది. కింద రబ్బరు పట్టీలు ఉన్నవీ చూశాను, లేనివీ చూశాను. ఉన్నవాటిలోనూ కొన్నింటికి పట్టీ నేలకు ఎంత ఎత్తులో ఉందంటే, అది పట్టుకునేలోపు బండి పల్టీ కొట్టేస్తుంది.

మెట్లు లేని ఇల్లు కదా, మాకేం భయం అంటారు అపార్ట్‌మెంట్ వాళ్లు. వాకర్‌లో నిలబడ్డ బిడ్డ చెయ్యి, పాకే బిడ్డ చెయ్యి కన్నా చాలా పైకి వెళుతుంది. టీపాయ్ మీద కాఫీ గ్లాసు, ఇస్త్రీ పెట్టె వైరు, భోజనాల బల్ల మీద గుడ్డ చెంగు, ఆ చెంగు మీద సాంబారు గిన్నె. బాత్రూంలో హీటర్ రాడ్ వేసిన బకెట్. పాత ఇళ్లలో అయితే గడప. నిండు వేగంతో వచ్చిన ప్లాస్టిక్ చక్రం గడపకు కొట్టుకుంటే ఏమవుతుందో బియ్యం సంచి పెట్టి చూడనక్కర్లేదు.

పోనీ ఇంత ప్రమాదానికి ప్రతిఫలంగా నడకైనా ముందు వస్తుందా? రాదు. 1999లో అమెరికాలో 109 మంది పిల్లలను గమనించినవాళ్లకు, వాకర్‌లో తిరిగినవాళ్లు కూర్చోవడం, పాకడం, నడవడం మూడింటిలోనూ వెనకపడినట్టు కనిపించింది. 2002లో ఐర్లండ్‌లో 190 మంది పిల్లల లెక్క తీస్తే, వాకర్‌లో గడిపిన ప్రతి 24 గంటలకూ సొంతంగా నడవడం మూడు రోజులకు పైగా ఆలస్యమైంది. ఇదేమంత పెద్ద ఆలస్యం కాదనేది నిజమే. ఏ తేడా లేదన్న అధ్యయనాలూ ఉన్నాయి. నేను చెప్పేది ఒక్కటే, అమ్మేవాళ్లు దాని పేరులోనే ఇచ్చిన హామీని అది నిలబెట్టుకోలేదు. ఎందుకు నిలబెట్టుకోలేదో నాకు సులువుగానే అర్థమైంది. నడక అంటే తన బరువు తను మోసుకోవడం, ఒరిగితే సర్దుకోవడం. వాకర్‌లో బరువు మోసేది సీటు. ఒరగకుండా కాసేది చట్రం. పైగా ముందున్న ట్రే అడ్డమై బిడ్డకు తన పాదాలే కనిపించవు. వాడు నేర్చుకునేది మునివేళ్ల మీద తన్నడం. అది నడక కాదు.

బోర్లా పడితే బొబ్బట్లు, కూర్చుంటే కుడుములు, అడుగులేస్తే అరిసెలు. మా అమ్మ తరం బిడ్డ ఆ పని సొంతంగా చేసేదాకా ఆగి, అప్పుడు పిండి తడిపేది. ముందు అరిసెలు వండేసి తర్వాత బిడ్డను నడిపించిన ఇంటిని నేను చూడలేదు. ఇప్పుడు పదో నెల రాగానే పోలికలు మొదలు. "మా వాడు అప్పుడే నడిచేశాడు, మీ వాడింకా లేదా?" ఈ మాటే సగం వాకర్లను అమ్మిస్తోంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశంతో పాటు ఘనా, నార్వే, ఒమన్, అమెరికాల్లో పిల్లలను పరిశీలించి 2006లో ఫలితాలు ప్రకటించింది. పట్టు లేకుండా నడవడం 8.2 నెలల నుంచి 17.6 నెలల మధ్య ఎప్పుడైనా రావచ్చు. నూటికి నలుగురు పిల్లలు చేతులూ మోకాళ్ల మీద పాకకుండానే నడకలోకి వెళ్లిపోయారు. కాబట్టి పద్నాలుగో నెలలోనూ గోడ పట్టుకునే నిలబడే పిల్ల ఉంటే, ఆ ఇంట్లో అమ్మమ్మలు నిద్ర చెడగొట్టుకోనక్కర్లేదు. పద్దెనిమిది నెలలు నిండినా నడవకపోతే వెళ్లాల్సింది డాక్టరు దగ్గరికి, దుకాణానికి కాదు.

మరి ఏం కొనాలి? మొదట ఏమీ కొనకండి. బొంత పరిచిన నేల ఉంది. నెలల పిల్లలు మెలకువగా ఉన్నప్పుడు రోజు మొత్తం మీద కనీసం అరగంట, కొంచెం కొంచెంగా, బోర్లా పడుకుని ఆడుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. ప్రామ్‌లోనో ఎత్తు కుర్చీలోనో కట్టేసి ఒక్కవిడతలో గంటకు మించి ఉంచవద్దని కూడా చెప్పింది. మా మనవడికి నేల మీద నేను ఇచ్చిన సామగ్రి రెండు స్టీలు గిన్నెలు, ఒక గరిటె, అంచులు నున్నగా ఉన్న పీట. పీట తోసుకుంటూ ఇల్లంతా తిరిగాడు. ఒకదానికొకటి అతికించే ఫోమ్ చాపలు వేసే ఇళ్లలో మాత్రం ఒక జాగ్రత్త తీసుకోవాలి. మధ్యలో ఊడివచ్చే అక్షరాలు ఉంటాయి, పళ్లు వస్తున్న బిడ్డ వాటిని కొరికి ముక్క మింగగలదు. అక్షరాలు లేని సాదా చాప తీసుకోండి.

చక్రాల వస్తువే కావాలంటే మన మూడు చక్రాల చెక్క బండి ఉంది. తిరునాళ్లలో, వడ్రంగి ఇంటి ముందు ఇప్పటికీ దొరుకుతుంది. బిడ్డ దాని లోపల ఉండదు, వెనక నిలబడి తోస్తుంది. బరువు తన కాళ్ల మీదే, పాదాలు తనకు కనిపిస్తూనే ఉంటాయి. నచ్చకపోతే వదిలేసి కూలబడొచ్చు. అయితే ఆ బండి పుట్టింది మట్టి నేలల కాలంలో. పేడ అలికిన నేల దానికి సహజమైన బ్రేకు. టైల్స్ మీద అది బిడ్డ కన్నా ముందు పరిగెత్తి బోర్లా పడేస్తుంది. నేను ముందు భాగంలో రెండు కిలోల పప్పు పొట్లం కట్టాను, చక్రాలకు సైకిల్ ట్యూబు ముక్క చుట్టాను, ఇరుసు మేకు బదులు నట్టు, దానికి లాక్ వాషర్ వేశాను. మేకు ఎప్పుడో ఒకనాడు ఊడుతుంది, ఊడిన మేకు బిడ్డ నోట్లోకి వెళుతుంది. బిడ్డ తనంతట తను లేచి నిలబడేదాకా ఆ బండి కూడా ఇవ్వకూడదు. ఇచ్చాక కూడా పెద్దవాళ్లు పక్కన నడవాలి.

చెక్క అనగానే అన్నీ నోట్లో పెట్టుకోదగ్గవి కావు. అనకాపల్లి జిల్లా ఏటికొప్పాక బొమ్మలు అంకుడు కర్రతో, లక్కతో, నున్నగా తయారవుతాయి. అక్కడ సహజ రంగులతో చేసే పద్ధతిని నిలబెట్టిన సి.వి.రాజుగారికి 2023లో పద్మశ్రీ కూడా వచ్చింది. సహజ రంగులవేనా అని అడిగి తీసుకుంటే గిలక్కాయగా ఇవ్వొచ్చు. కొండపల్లి బొమ్మ అలా కాదు. పొనికి చెక్క తేలిక, అతికించిన చేతులూ కాళ్లూ ఇట్టే విరుగుతాయి. బొమ్మల కొలువులో దాని చోటు దానికుంది, బిడ్డ చేతిలో మాత్రం వద్దు.

ఉయ్యాల గురించి చెప్పకపోతే మా ఆవిడ ఊరుకోదు. చీర ఉయ్యాల మీద నాకే విరోధమూ లేదు, నేనూ అందులోనే పెరిగాను. కానీ అది వేలాడేది కొక్కేనికి. ఇప్పుడు ఇళ్లలో దాన్ని ఫ్యాను కొక్కేనికి తగిలిస్తున్నారు. ఇంకా కొందరు స్ప్రింగ్ ఉయ్యాల కొంటున్నారు. స్ప్రింగు ఒక్కరోజులో తెగదు. వేల ఊపులకు లోపల అలిసి, పైకి నిగనిగలాడుతూనే ఉండి, ఒకనాడు పుటుక్కుమంటుంది. బస్సుల కింద ఎన్నో చూశాను. వారానికోసారి కొక్కెం అరిగిందా, స్ప్రింగు చుట్ల మధ్య ఎడం పెరిగిందా, చీర ముడి దగ్గర పీలికలవుతోందా చూడండి. ఉయ్యాల మోకాలి ఎత్తు దాటనివ్వకండి, కింద బొంత పరవండి. చీరలో బిడ్డ ముడుచుకుని గడ్డం గుండెకు ఆనితే ఊపిరి సరిగా ఆడదు. బోర్లా పడటం వచ్చిందంటే ఇక ఉయ్యాల మానేయాల్సిందే. మానేశాక దాన్ని అలాగే వేలాడదీసి ఉంచకండి. పెద్ద పిల్లలు చీరలో గిరగిరా తిరిగి ఆడుతూ మెడకు బిగుసుకుని చనిపోయిన వార్తలు ఈ పత్రికల్లోనే చదువుతున్నాం.

బౌన్సర్లు, ఏటవాలు కుర్చీలు కాసేపు కూర్చోబెట్టడానికే. నేల మీదే పెట్టాలి. బల్ల మీదో మంచం మీదో పెడితే బిడ్డ కదలికకు అది అంచుకు జరుగుతుంది. బెల్టు ప్రతిసారీ పెట్టాలి. నిద్రపోతే తీసి చదునైన గట్టి పక్క మీద వెల్లకిలా పడుకోబెట్టాలి. ఈ చివరి మాటను తేలిగ్గా తీసుకోవద్దు. అమెరికాలో ఫిషర్-ప్రైస్ కంపెనీ రాక్ అండ్ ప్లే అనే ఏటవాలు పక్కను 2019లో వెనక్కి పిలిచింది. దాదాపు 47 లక్షల పక్కలు. అప్పటికే ముప్పై మందికి పైగా పసిపిల్లలు వాటిలో చనిపోయారు. 2022లో అలాంటి ఏటవాలు పక్కల అమ్మకాన్నే చట్టం చేసి ఆపేశారు. పేరున్న కంపెనీ, ఖరీదైన వస్తువు అనేవి ఫిట్‌నెస్ సర్టిఫికెట్లు కావు.

ఇక చిన్న చిన్నవి. బిడ్డ పైన వేలాడదీసే బొమ్మల తాడు జానెడు మించకూడదు. పాట పాడే బొమ్మకు బ్యాటరీ మూత స్క్రూతో బిగించి ఉండాలి. వేలితో తోస్తే తెరుచుకునేది కొనకండి. బిళ్లలాంటి బ్యాటరీ గొంతులో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే అన్నవాహికను కాల్చేస్తుంది. మింగిందన్న అనుమానం వచ్చినా అరటిపండు పెట్టి చూద్దాంలే అనుకోకుండా ఆసుపత్రికి పరిగెత్తండి.

ఇంత చెప్పినా వాకర్ కొన్న తల్లిని నేను తప్పుపట్టను. మా అమ్మాయి ఉదయం తొమ్మిదిన్నరకు ల్యాప్‌టాప్ ముందు కూర్చోవాలి. కుక్కరు విజిల్ వేస్తుంటుంది, పనిమనిషి రాదు, నా మోకాళ్లు వంగవు, మా ఆవిడ నడుము లేవదు. ఆ అరగంట బిడ్డను ఎక్కడో ఒకచోట ఉంచాలి. ఆ అవసరం నిజం. దానికి చక్రాలు అక్కర్లేదు, అడ్డం కావాలి. వెనకటి ఇళ్లలో గుమ్మానికి అడ్డచెక్క వేసేవాళ్లు. ఇప్పుడు గేట్లు దొరుకుతున్నాయి, దొరక్కపోతే వడ్రంగి గంటలో చేస్తాడు. వంటగది గుమ్మానికి ఒకటి, బాల్కనీకి ఒకటి. లేదంటే నాలుగు వైపులా జాలీ ఉన్న ప్లేపెన్ కొనండి. అందులో బిడ్డ ఎక్కి దాటడానికి పనికొచ్చే పెద్ద బొమ్మలు పెట్టకండి. తనంతట తను కూర్చోగలిగిన పిల్లకైతే కదలకుండా ఉండే ఆటబల్ల కూడా పావుగంటకు పనికొస్తుంది. ఒక చోట ఉన్న బిడ్డ ఏడుస్తుంది, నిజమే. ఏడిస్తే వినిపిస్తుంది. వాకర్‌లో వెళ్లిపోయిన బిడ్డ నవ్వుతూ వెళుతుంది.

నిషేధం కేంద్రం చెయ్యాల్సిన పని. వినియోగదారుల వ్యవహారాల శాఖ దీన్ని చేతిలోకి తీసుకోవాలి. అంతవరకూ మన రెండు రాష్ట్రాలూ చేయగలిగింది ఒకటుంది. పద్నాలుగు వారాల టీకాకు ప్రతి తల్లీ బిడ్డను తీసుకొస్తుంది. వాకర్ కొనే వయసు అప్పటికి రాలేదు. ఆ రోజే నర్సు ఒక్క మాట చెప్పాలి. మూడో నెల, ఆరో నెల, తొమ్మిదో నెల ఆశా కార్యకర్త ఇంటికి వస్తారు. వచ్చినప్పుడు బరువుతో పాటు ఇంట్లో వాకర్ ఉందా అని కూడా అడిగి రాసుకోవాలి.

మీ ఇంట్లో ఇప్పటికే ఉంటే పక్కింటివాళ్లకు ఇవ్వకండి, పనిమనిషి బిడ్డకు దానం చెయ్యకండి, ఫోనులో అమ్మకానికి పెట్టకండి. చక్రాలు ఊడదీయండి, సీటు గుడ్డ కత్తిరించండి, చట్రం విరిచి అప్పుడు పాత సామాన్లవాడికి వెయ్యండి. మా ఇంటిదాన్ని స్క్రూడ్రైవర్ పట్టుకుని విప్పింది నేనైతే, చట్రం విరిచింది మా బావగారే.